కెమెరా కొన్నారు సరే... కాపలా మనిషికి జీతమేదీ?

సాయంత్రం ఏడు దాటింది. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. మీ చూపు మాత్రం పప్పు మీద లేదు, గోడ మీద గడియారం మీద ఉంది. అమ్మాయి ఇంకా ఇంటికి రాలేదు. ఇంతలో ఫోను మోగుతుంది. "అమ్మా, బస్సెక్కాను" అంటుంది. హమ్మయ్య! సగం భారం దిగిపోతుంది. మరి మిగతా సగం ఎందుకు దిగదు?

ఎందుకంటే బస్సెక్కితే సరిపోదని మనకి తెలుసు గనుక. ఆ కిక్కిరిసిన బస్సులో మన పిల్ల పక్కన ఎవరు నిలబడ్డారో, ఎవరి చెయ్యి ఎక్కడుందో, పిల్ల గట్టిగా అరిస్తే పలికే వాళ్ళున్నారో లేదో మనకి తెలీదు. ఆ మిగిలిన సగం భారం గురించే ఈ నాలుగు మాటలూ. ఇది పోలీసుల గొడవ, ప్రభుత్వాల లెక్కలు, మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. ఇంటి పద్దులు రాసే చేతికి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది.

ఆడపడుచు చెప్పిన మాట

మా ఆడపడుచు ఇరవై ఏళ్ళుగా ఢిల్లీలో ఉంటోంది. ఈ మధ్య వేసవికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని ఆవకాయ ముక్కలు తుడుస్తున్నాం. మాటల్లో మాటగా బస్సుల సంగతి వచ్చింది.

"వదినా, ఓ నాలుగేళ్ళు మా బస్సుల్లో మార్షల్ అని ఒకరుండేవారు. యూనిఫాం వేసుకుని ఊరికే అలా నిలబడేవాళ్ళు. వాళ్ళేం పెద్ద పని చేసినట్టు కనపడరు. కానీ ఆడవాళ్ళ సీట్లో మగవాడు కూర్చుంటే లెమ్మని నేను నోరు తెరిచి అడగక్కర్లేకపోయేది. ఆ మనిషిని చూస్తే వాడే లేచేవాడు" అంది.

"మరి ఇప్పుడు?" అన్నాను.

"తీసేశారుగా! ఇప్పుడు కెమెరా ఉంది. ఎర్ర బటనుంది. కెమెరా ఎవడినీ లెమ్మనదు కదా వదినా!"

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. నాలుగేళ్ళు ఉన్న మనుషుల్ని ఎందుకు తీసేశారు? డబ్బు లేకనా? ఆడవాళ్ళ భద్రత కోసం వేల కోట్లు కేటాయించారని మనం వింటూనే ఉన్నాం కదా! ఆ కథ తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఆ డిసెంబరు రాత్రి తర్వాత

2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో ఇరవై మూడేళ్ళ అమ్మాయి, ఫిజియోథెరపీ చదువుకున్న పిల్ల, సినిమా చూసి స్నేహితుడితో కలిసి ఇంటికి వెళ్ళడానికి ఒక ప్రైవేటు బస్సెక్కింది. ఆ బస్సులో జరిగిన ఘోరం మళ్ళీ చెప్పుకోలేం. రెండు వారాలు తిరక్కుండానే, డిసెంబరు 29న సింగపూర్ ఆసుపత్రిలో కన్నుమూసింది. దేశమంతా ఆ బిడ్డని నిర్భయ అంది.

2013 ఫిబ్రవరి చివర్లో పార్లమెంటులో బడ్జెట్ చదువుతూ అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం గారు ఆమె పేరు మీద 1,000 కోట్ల రూపాయలతో నిర్భయ నిధి ప్రకటించారు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఆ మొత్తం పెరుగుతూ వచ్చింది. 2024-25 వరకు చూస్తే కేటాయింపులు 7,000 కోట్లు దాటాయి.

మరి ఆ డబ్బుతో ఏం చేశారు? ఆపదలో ఉన్న ఆడవాళ్ళని ఆదుకునే సఖి కేంద్రాలు, త్వరగా తీర్పులిచ్చే కోర్టులు, 112 నంబరు వ్యవస్థ వచ్చాయి. అవన్నీ కావలసినవే. 983 రైల్వే స్టేషన్లలో నిఘా కెమెరాల పథకానికి 500 కోట్లు కేటాయించారు. 2018లో ఎనిమిది మహానగరాలకి సేఫ్ సిటీ పథకం మంజూరైంది. అందులో మన హైదరాబాదు వాటా 282 కోట్ల 50 లక్షలు. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో విశాఖపట్నంలో అభయం పథకం కింద ఆటోలకు పానిక్ బటన్ ఉన్న పరికరాలు బిగించారు.

జాగ్రత్తగా గమనించారా? ప్రయాణంలో భద్రత అనే దగ్గరికి వచ్చేసరికి జాబితాలో ఎక్కువగా కనిపించేవి కెమెరాలు, బటన్లు, తెరలు, కంట్రోల్ రూములు. బస్సులో మన పక్కన నిలబడే మనిషి కనిపించడం అరుదు. ఎందుకలా?

మిక్సీ వేరు, పాలబిల్లు వేరు

ఈ సంగతి మనింట్లో చూసుకుందాం. దసరా బోనస్ వస్తే మిక్సీ కొంటాం. ఒక్కసారి ఖర్చు, అయిపోయింది. అదే చీటీ పాడుకున్న నెల చేతిలో డబ్బుందని పనిమనిషిని పెట్టుకున్నామనుకోండి, ఆ నెల బాగానే ఉంటుంది. పై నెల జీతం ఎక్కణ్ణించి తెస్తాం? పాలబిల్లు, పనిమనిషి జీతం, పిల్లల ఫీజు, ఇవి నెలనెలా వచ్చే ఆదాయంలోంచి పోవలసినవి. చీటీ డబ్బుతో గడిచేవి కావు.

ప్రభుత్వం కూడా ఒక పెద్ద సంసారమే. కెమెరా కొనడం మిక్సీ కొనడం లాంటిది. టెండరు పిలుస్తారు, కొంటారు, రిబ్బను కత్తిరిస్తారు, ఫోటో పేపర్లో పడుతుంది. పోలీసుని నియమించడం అలా కాదు. ఈ రోజు ఇరవై రెండేళ్ళ పిల్లనో పిల్లాడినో కానిస్టేబుల్‌గా తీసుకుంటే శిక్షణ, జీతం, డి.ఏ., క్వార్టర్స్, చివరికి రిటైరయ్యేదాకా భారం భరించాలి. అందుకే మనిషి అనేసరికి ప్రతి ప్రభుత్వమూ కాస్త వెనక్కి తగ్గుతుంది. 2020 జనవరి 1 నాటికి దేశం మొత్తం మీద మంజూరై కూడా భర్తీ కాని పోలీసు ఉద్యోగాలు 5 లక్షలకు పైగా ఉన్నాయి!

ఇంకో చిక్కు కూడా ఉంది. మన రాజ్యాంగం ప్రకారం పోలీసులు రాష్ట్రాల బాధ్యత. కేంద్రం ఒక పథకం పేరుతో డబ్బిచ్చినా, ఆ మనిషిని నియమించి ఏళ్ళ తరబడి జీతమివ్వాల్సింది రాష్ట్రమే.

ఢిల్లీలో ఏం జరిగింది?

ఢిల్లీ సంసారం మరీ విచిత్రం. అక్కడ బస్సులు ఢిల్లీ ప్రభుత్వానివి. పోలీసులేమో కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటారు. బస్సు ఒకరిది, లాఠీ ఒకరిది అన్నమాట!

2019 అక్టోబరు 29న, అన్నాచెల్లెళ్ళ పండుగ భాయ్ దూజ్ నాడు, అక్కడ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలైంది. ఆ రోజు నుంచే మార్షల్స్ సంఖ్యని మొత్తం 13,000కి పెంచుతున్నామని ఢిల్లీ ప్రభుత్వం ప్రకటించింది. పోలీసులు తమ చేతిలో లేరు కాబట్టి హోంగార్డుల్ని, సివిల్ డిఫెన్స్ వాలంటీర్లని తీసుకున్నారు. వీళ్ళు పోలీసులు కారు. అల్లరి చేసిన వాణ్ణి ఆపి, పోలీసుల్ని పిలిచి అప్పగించడమే వాళ్ళ పని. వాలంటీర్లకిచ్చేది రోజువారీ భత్యం.

అక్కడే తిరకాసు వచ్చింది. సివిల్ డిఫెన్స్ అనేది 1968 నాటి చట్టం కింద ఏర్పడింది. యుద్ధమో, విపత్తో వచ్చినప్పుడు సాయం చెయ్యడానికి పెట్టిన వ్యవస్థ అది. రోజూ బస్సులో కాపలా కాయడం వాళ్ళ పని కాదు కదా, ఆ పద్దు కింద భత్యం ఎలా ఇస్తారు అని అభ్యంతరం లేచింది. నెలల తరబడి డబ్బులు అందలేదని వాలంటీర్లు రోడ్డెక్కారు. చివరికి 2023 నవంబరు 1 నుంచి వాళ్ళ సేవలు నిలిపేశారు. 10,000 మందికి పైగా ఒక్కసారిగా ఇంటికి! వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, ఆ సంపాదన మీద పిల్లల్ని చదివించుకుంటున్న వాళ్ళూ ఉన్నారు.

తప్పు నీదంటే నీదని నాయకులు వాదించుకున్నారు. ఆ తర్వాత 2024 నవంబరులో వాళ్ళని నాలుగు నెలల కోసం మళ్ళీ పిలిచారు. ఎందుకో తెలుసా? బస్సుల కోసం కాదు, కాలుష్యం తగ్గించే పనికి!

ఇప్పుడు అదే ఊళ్ళో మెట్రో రైలు సంగతి చూడండి. 2007 నుంచీ అక్కడ కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉంది. తనిఖీ దగ్గర ఆడవాళ్ళకి వేరే వరస, అక్కడ ఆడ జవాన్లు. 2010 అక్టోబరు నుంచి మొదటి పెట్టె ఆడవాళ్ళకే. ప్రభుత్వాలు మారినా ఆ కాపలా మాత్రం కదల్లేదు. ఎందుకంటే వాళ్ళు రెగ్యులర్ ఉద్యోగులు. ఎవరు నియమించాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అన్నది ముందే తేల్చుకున్నారు.

ఒకటే ఊరు, ఒకటే ఆడపిల్ల. మెట్రోలో వెళితే కాపలా ఉంది. మెట్రో దిగి బస్సెక్కితే ఆ కాపలా పోయింది. తేడా అంతా జీతం ఏ పద్దులో రాశారన్న దగ్గరే ఉంది.

పన్ను వేసి మరీ పోలీసుల్ని పెట్టిన ఊరు

"ఎక్కడైనా అంతేలెండి" అనకండి. సరిగ్గా ఇదే సమస్యని ఒక పెద్ద ఊరు మరో రకంగా ఎదుర్కొంది. న్యూయార్క్ సంగతి చెబుతాను.

1990లో ఆ ఊళ్ళో ఒక్క ఏడాదిలో 2,200కి పైగా హత్యలు జరిగాయి. ఆ సెప్టెంబరులో యూటా రాష్ట్రం నుంచి ఒక కుటుంబం టెన్నిస్ పోటీలు చూడ్డానికి వచ్చింది. రాత్రి భోజనానికి వెళుతూ భూగర్భ రైలు స్టేషన్లో నిలబడ్డారు. కుర్రాళ్ళ ముఠా ఒకటి దోపిడీకి వచ్చి తండ్రిని గాయపరిచింది, తల్లి మీద చెయ్యి చేసుకుంది. ఇరవై రెండేళ్ళ కొడుకు అమ్మని కాపాడబోయి కత్తిపోటుకి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఊరంతా అట్టుడికిపోయింది. ఏదో ఒకటి చెయ్యమని పేపర్లు మేయర్ని నిలదీశాయి.

అప్పటి మేయర్ డేవిడ్ డింకిన్స్ చేసిన పని ఏమిటంటే, పోలీసులు కావాలి, వాళ్ళ జీతాలకి డబ్బు కావాలి, అందుకు పన్ను కట్టాలి అని జనానికి చెప్పారు! రాష్ట్ర శాసనసభ 1991లో ఆ చట్టం చేసింది. ఆదాయపు పన్ను మీద అదనపు సర్‌ఛార్జీ వేశారు. ఆ డబ్బు ఈ పథకానికే అని ముందే చెప్పి మరీ వసూలు చేశారు. నగర పోలీసులతో పాటు, అప్పట్లో విడిగా ఉన్న రైల్వే రవాణా పోలీసు దళానికీ వేల సంఖ్యలో కొత్త మనుషులొచ్చారు. ఆ రవాణా దళాన్ని 1995లో నగర పోలీసుల్లో కలిపేశారు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన సంగతి మరొకటుంది. ఆ పథకం డబ్బంతా పోలీసులకే పెట్టలేదు. కొంత డబ్బుతో పేటల్లోని స్కూళ్ళని సాయంత్రాలు, శని ఆదివారాలు కూడా తెరిచి ఉంచారు. పిల్లలు రోడ్ల మీద తిరక్కుండా చదువుకోవడానికీ, ఆడుకోవడానికీ అన్నమాట. పట్టుకునే వాడికి జీతం, దారి తప్పకుండా చూసే చోటుకి ఖర్చు, రెండూ ఒకే పద్దులో రాశారు. తల్లి మనసున్న వాళ్ళెవరైనా అలాగే రాస్తారు కదూ?

1998 వచ్చేసరికి ఆ ఊళ్ళో హత్యలు 633కి తగ్గాయి. ఒక్క పోలీసులు పెరగడం వల్లే తగ్గాయా అంటే పండితులు రకరకాల కారణాలు చెబుతారు. కానీ జీతానికి దారి ముందు చూసుకుని మనుషుల్ని పెట్టుకున్నారన్నది మాత్రం నిజం.

1994లో అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా దేశం మొత్తం మీద లక్ష మంది పోలీసుల నియామకానికి చట్టం చేసింది. కొత్త పోలీసు జీతంలో 75 శాతం దాకా మూడేళ్ళు కేంద్రం ఇస్తుంది, ఆ తర్వాత ఊరే మోసుకోవాలి. పిల్లాడి ఇంజినీరింగ్‌కి మొదటి మూడేళ్ళ ఫీజు మేనమామ కడతాననడం లాంటిది. సాయమే! కానీ నాలుగో ఏడు ఫీజు సంగతి చూసుకోని వాళ్ళు ఇబ్బంది పడతారు.

మరి మన దగ్గర?

మన దగ్గరా మంచి పనులు జరిగాయి. 2014 అక్టోబరులో హైదరాబాదులో షీ టీమ్స్ మొదలయ్యాయి. మామూలు దుస్తుల్లో బస్టాపుల్లో, కాలేజీల దగ్గర తిరుగుతూ అల్లరి చేసే వాళ్ళని పట్టుకోవడం వాళ్ళ పని. ఉన్న పోలీసుల్లోంచే బృందాలు కట్టారు. రెగ్యులర్ పోలీసులు కాబట్టే ఆ బృందాలు నిలిచాయి. రైళ్ళలో 2020 అక్టోబరు నుంచి దేశమంతటా మేరీ సహేలీ పథకం నడుస్తోంది. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడవాళ్ళని రైల్వే రక్షణ దళం ఆడ సిబ్బంది స్టేషన్లోనే పలకరించి, సీటు నంబరు రాసుకుని, దారిలో స్టేషన్ల వాళ్ళకి చెబుతారు. అక్కడ కూడా పలకరించేది మనిషే, మిషను కాదు.

ఇక బస్సులు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై ఆడవాళ్ళకి బస్సు ఉచితమైంది. మనం బస్సెక్కడం పెరిగింది. చాలా సంతోషం. కానీ ఎక్కే వాళ్ళు పెరిగినప్పుడు చూసే వాళ్ళూ పెరగాలి కదా! పదిమంది చుట్టాలొస్తే అన్నం గిన్నె పెద్దది పెడతాం గానీ, పాత గిన్నెతోనే సర్దుకోమంటామా?

కెమెరాలు వద్దని నేను అనడం లేదు సుమా. తప్పు చేసిన వాణ్ణి తర్వాత పట్టుకోవడానికి కెమెరా కావాలి. కానీ తప్పు జరగబోయే క్షణంలో "ఏయ్" అనడానికి మనిషి కావాలి. బటను నొక్కితే అవతల ఫోనెత్తే మనిషి కావాలి. ఎత్తాక పరుగెత్తుకొచ్చే మనిషి కావాలి. ఈ ముగ్గురికీ ఒకటో తారీకున జీతం అందాలి.

మనం అడగవలసిన నాలుగు ప్రశ్నలు

ఓట్ల కోసం వచ్చినప్పుడో, కాలనీ మీటింగుకి వచ్చినప్పుడో నాయకులు "ఇన్ని వేల కెమెరాలు పెట్టించాం తల్లీ" అంటారు. చప్పట్లు కొట్టండి. కొట్టాక ఇవి అడగండి:

1. ఆ కెమెరాల్ని రాత్రిపూట చూసేవాళ్ళు ఎంతమంది?

2. మన రూట్లో రాత్రి ఎనిమిది దాటాక బస్సుల్లో, బస్టాపుల్లో తిరిగే పోలీసులున్నారా? వాళ్ళలో ఆడ పోలీసులెందరు?

3. వాళ్ళు రెగ్యులరా, రోజు కూలీ మీద తెచ్చిన వాళ్ళా? జీతం ఏ పద్దులోంచి?

4. ఈ పథకం డబ్బు అయిపోయాక వాళ్ళ జీతం ఎవరిస్తారు?

నాలుగో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. ఢిల్లీలో ఆ ప్రశ్నకి ముందే జవాబు రాసుకోనందుకే పదివేల మంది ఉద్యోగం పోయింది, లక్షల మంది ఆడవాళ్ళ ధీమా పోయింది.

ఫోన్లో దాచుకోండి

112: ఏ ఆపదకైనా. పోలీసులు, అంబులెన్సు, ఫైరింజను అన్నిటికీ ఒకటే నంబరు.

181: మహిళల హెల్ప్‌లైన్.

139: రైల్లో ప్రయాణం చేసేటప్పుడు ఇబ్బంది వస్తే.

మీ ఫోన్లోనే కాదు, అమ్మాయి ఫోన్లోనూ, అత్తగారి ఫోన్లోనూ వేసిపెట్టండి. బస్సెక్కగానే బస్సు నంబరు ఇంటికి మెసేజి పెట్టడం పిల్లలకి అలవాటు చెయ్యండి. ఇది వాళ్ళ మీద అనుమానంతో కాదని ముందే నవ్వుతూ చెప్పండి.

ఆవకాయ జాడీకి గుడ్డ కడుతూ మా ఆడపడుచు ఇంకో మాట అంది. "వదినా, నాకు ఆ మార్షల్ పేరు కూడా తెలీదు. మా పిల్ల కాలేజీ బస్సులో ఒకమ్మాయి ఉండేది. దీపావళికి మిఠాయి ఇస్తే మొహమాటపడేది. ఉద్యోగం పోయాక ఏం చేస్తోందో!"

మన పిల్లకి కాపలా కాసిన ఆ అమ్మాయి కోసం కూడా వాళ్ళమ్మ గడియారం చూస్తూనే ఉండుంటుంది. ఆ ఇంట్లోనూ పాలబిల్లు ఉంటుంది. ఆ బిల్లు నెలనెలా సరిగ్గా కట్టుకోగలిగిన నాడే మన ఇంట్లో ఆ మిగిలిన సగం భారం దిగుతుంది.